గుల్ల సున్నం గోడ

సూళ్లూరుపేటలో కొత్త ఇల్లు లేస్తే చాలు, ముందు గోడకు రాతి పలకలు అతికించడం మామూలైపోయింది. నా చూపు మాత్రం పాత మిద్దెల దగ్గరే ఆగుతుంది. చెక్కు చెదరకుండా మిగిలిన లోగోడ ఎక్కడైనా ఉంటే ఒకసారి తడిమి చూడండి, పాలరాయేమో అనుకుంటారు. లోపల ఇటుక, పైన గుల్ల సున్నం. ఆ నునుపంతా బేల్దారి మేస్త్రి చేతి చలవ.

పులికాట్ సరస్సులో పేరుకున్న గుల్లలే ఒకప్పుడు ఈ ప్రాంతంలో సున్నానికి ముడిసరుకు. బట్టీలో కాల్చిన గుల్ల మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగి విచ్చిపోతుంది. గోడకెక్కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా బిగుసుకుంటుంది. గుల్లా అదే, పాలరాయీ అదే. 1780ల నాటి మద్రాసును చూసిన చిత్రకారుడు విలియం హాడ్జెస్, 1793లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఈ సున్నపు పూతను మెచ్చుకున్నాడు.

సున్నాన్నీ ఇసుకనూ ఎద్దుల గానుగలో నలిపించి, బెల్లం నీళ్లు, కరక్కాయలు నానిన నీళ్లు కలిపేవారు. పూత మీద పూత వేసేవారు. చివరి పూతకు వస్త్రంలో జల్లించిన మెత్తటి సున్నం, గుడ్డు తెల్లసొన, కొన్నిచోట్ల పెరుగూ నెయ్యీ కూడా. అది ఆరిపోకముందే నున్నటి రాయితో రుద్దుతూనే ఉండాలి. మధ్యలో చెయ్యి ఆపితే అక్కడ అతుకు తెలిసిపోతుంది. రుద్దింది చాలని ఏ క్షణాన అనుకోవాలో మేస్త్రి వేళ్లకే తెలియాలి. ఇంతటి పనివాడి పేరు ఆ ఇంట ఎక్కడా కనబడదు. కట్టించినవారి పేరు మాత్రం గుమ్మం మీద ఉంటుంది. అది నాకు కష్టంగానే ఉంటుంది.

1904లో మద్రాసులో సిమెంటు తయారీకి పూనుకున్నవారు కూడా సముద్రపు గుల్లలనే వాడారు. సిమెంటే తర్వాత గానుగలను మూలన పడేసింది. ఇప్పుడు పాత గోడ పెచ్చులూడితే దాని మీదే సిమెంటు మెత్తుతున్నారు. ఉప్పుగాలి తగిలే మన తీరాన అది గోడకు చేటు. సున్నం చెమ్మను పీల్చి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. అక్కడ చేరిన ఉప్పు ఇటుకనే పొడి చేస్తుంది.

మిద్దెలున్నవారు దయచేసి ఆ సిమెంటు గీకించి సున్నమే పూయించండి. పులికాట్ ఇప్పుడు పక్షుల అభయారణ్యం, గుల్లల కోసం దాన్ని తవ్వనక్కర్లేదు, రాతి సున్నం సరిపోతుంది. పూత పల్చగా వేయించి, బిగిసేదాకా తడి గోనెపట్టాలు కప్పించండి. చెన్నైలో పాత కట్టడాలకు సున్నం పని చేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పేట నుంచి లోకల్ రైలెక్కితే పోయి మాట్లాడి రావచ్చు.