చీగుంగ్: సాధన యెంత, ప్రచారమెంత?

ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊరు. 1938లో మాచాని సోమప్పగారి చొరవతో ఏర్పడిన చేనేత సహకార సంఘము ఆ పేరును దూరప్రాంతములకు తీసికొనిపోయినది. గుంటమగ్గముపై నేయు మనిషి గట్టుపై కూర్చుండి, కాళ్లు గుంటలోనికి దించి పలకలను తొక్కుచుండును. కాళ్లు రోజంతయు కదలుచునే యుండును గాని శరీరపు బరువును మోయవు. నడుము వంగియే యుండును. ఇట్లు నలుబది ఏండ్లు గడచిన పిమ్మట అతనికి గడప దాటుటయే భయమగును. పొరుగున నున్న ఆదోనిలో పత్తి మిల్లులలో పనిచేసి ముసలివారైనవారి బాధ వేరు: ఆయాసము, దగ్గు. ఇట్టివారందరికి చీనాదేశపు చీగుంగ్ సర్వరోగనివారిణి యను మాట ఇప్పుడు సెల్‌ఫోనుల ద్వారా ఇండ్లలోనికి వచ్చుచున్నది. జిన్నింగు మరలో దూదిని, గింజను వేరుచేసినట్లు ఈ మాటను కూడ వేరుచేసి చూడవలెను.

'చీ' అనగా శ్వాస, ప్రాణశక్తి. 'గుంగ్' అనగా సాధనవలన అలవడు నేర్పు. నెమ్మదిగా కదలుట, నెమ్మదిగా ఊపిరి తీయుట, మనస్సును ఆ కదలికపై నిలుపుట, ఈ మూడును కలిసినదే చీగుంగ్. క్రీ. పూ. 168లో మూసిన ఒక సమాధి మావాంగ్‌ద్వీ వద్ద బయటపడినపుడు, వ్యాయామ భంగిమలలో నున్న 44 బొమ్మల పట్టుచిత్రమొకటి దొరికినది. సాధన ప్రాచీనమే. కాని చికిత్సాపద్ధతికి 'చీగుంగ్' అను పేరు వ్యాపించినది 1950 తరువాతనే. 'వేల యేండ్ల చీగుంగ్' అనువారు ఈ సంగతి చెప్పరు.

వీనిలో మిక్కిలి ప్రచారములోనున్నది 'బాద్వాన్‌జిన్'. ఆ పేరునకు 'ఎనిమిది జరీపట్టు తునకలు' అని అర్థము; నేతవారికి నచ్చవలసిన పేరే. ఒక కదలికలో రెండుచేతులు తలపైకెత్తి ఆకాశమును మోయుచున్నట్లు నిలుతురు. మరియొకదానిలో కాళ్లు ఎడముచేసి, మోకాళ్లు కొద్దిగా వంచి, విల్లు లాగినట్లు చేతులు చాపుదురు. చివరిదానిలో మడమలెత్తి దించుదురు. దీనివలన సకలరోగములును తొలగునని దాని సంప్రదాయనామమే చెప్పును!

రోగముల మాట యటుంచి, మడమలెత్తినపుడు జరుగునదేమి? పాదములు ఆనిన చోటు తగ్గును; గురుత్వకేంద్రమునుండి దిగిన లంబరేఖ ఆ చిన్న చోటులోనే పడునట్లు చీలమండల కండరములు క్షణక్షణము సర్దుకొనవలెను. కన్ను, లోపలిచెవి, కీళ్లలోని నాడులు, ఈ మూడును ఆ సర్దుబాటునకు సమాచారము పంపును. కూర్చుండి బ్రతికిన మనిషికి ఈ అభ్యాసమే కొరవడినది. 'చీ' యను ఊహ లేకయే ఇదంతయు తెలియును.

ఫలితమును కొలిచినవారును కలరు. అమెరికాలోని ఓరిగాన్ రాష్ట్రమున 70 ఏండ్లు పైబడి, పడిపోవు ప్రమాదమున్న 670 మందితో చేసిన పరీక్ష 2018లో ప్రకటితమైనది. చీగుంగ్‌నకు దగ్గరి చుట్టమైన తైచీని కొందరిచేత వారమునకు రెండుమార్లు, గంటసేపు, 24 వారములు చేయించిరి. కేవలము ఒడలు సాగదీయు వ్యాయామము చేసినవారికంటె వీరు పడిపోవుట 58 శాతము తక్కువ. అయితే నడక, బలము, సమతౌల్యముల మిశ్రమవ్యాయామము చేసినవారికి కూడ 40 శాతము తగ్గినది. అనగా మేలులో పెద్దభాగము కాళ్లపై నిలిచి బరువు మార్చుటలోనిదే కాని, చీనాదేశపు రహస్యము కాదు. పైగా ఇది తైచీ పరీక్ష. దీనిని చీగుంగ్ ఖాతాలో పూర్తిగా వ్రాయుట న్యాయము కాదు.

గురువు అరచేతినుండి శక్తి వెలువడి రోగిని చేరుననుట మరియొక వాదము. చేతినుండి పరారుణకిరణములు వచ్చుట నిజమే. 33 డిగ్రీల చర్మము ఎవరిదైనను 9.5 మైక్రోమీటర్ల ప్రాంతమున అట్టి కిరణములను వెలువరించును, దానికి గురుత్వమక్కరలేదు. 1988లో చీనాకు వెళ్లిన అమెరికా పరిశీలకులు గురువును, రోగిని వేర్వేరు గదులలో నుంచి చూచిరి. గురువు శక్తి పంపిన సమయములకును, రోగి చలించిన సమయములకును పొంతన కుదరలేదు.

రక్తపుపోటు విషయమున నేను మరింత కఠినముగా చెప్పవలసియున్నది. హృద్రోగ నివారణకై జరిగిన చీగుంగ్ పరీక్షలను 2015లో సమీక్షించినవారు వానిలో అధికభాగము లోపభూయిష్టములని, నిశ్చయముగా చెప్పలేమని తేల్చిరి. ఇంతమాత్రపు ఆధారముతో ముసలివారిచేత మాత్రలు మాన్పించుట ప్రాణములతో ఆట. పత్తిధూళి సంగతియు నిట్టిదే. ఏండ్లతరబడి దానిని పీల్చినవారికి 'బిస్సినోసిస్' రావచ్చును. సెలవు తరువాత పనిలోనికి వచ్చిన మొదటిరోజున రొమ్ము బిగిసినట్లుండుట దాని తొలిగుర్తు. శ్వాససాధన ఆయాసపు గాబరాను కొంత తగ్గింపవచ్చును, గాని చెడిన శ్వాసనాళములను బాగుచేయలేదు. మన ప్రాణాయామమునకును ఈ మాట వర్తించును.

ఉపాధ్యాయులు విద్యార్థులకొక పని అప్పగింపవచ్చును. తాతనో అవ్వనో గోడప్రక్క నిలిపి, చేయి అందునంత దూరమున తాము నిలిచి, ఒంటికాలిపై ఎన్ని సెకండ్లు నిలువగలరో వ్రాసికొనవలెను. మోకాళ్లనొప్పి, తలతిరుగుడు ఉన్నవారిని నిలుపరాదు. రోజుకు పదినిమిషముల చొప్పున, గోడ పట్టుకొని మడమలెత్తుట, బరువును ఒక కాలినుండి మరియొక కాలికి మార్చుట పండ్రెండు వారములు చేయించి మరల కొలువవలెను. తరగతిలో సగము మంది పెద్దలు వ్యాయామము చేయక ఊరకే యుండి, వారి సెకండ్లు కూడ పట్టికలో నుండవలెను. వ్యాయామము మొదలుపెట్టుటకు ముందే ఎవరు ఏ జట్టులోనివారో చీట్లు వేసి నిర్ణయింపవలెను.