వ్యుత్పత్తి లేని మాట

కొత్త ఇంగ్లిష్ మాట కనబడితే పత్రిక డెస్కులో పనిచేసే మా బోటివాళ్లం ముందుగా దాని వ్యుత్పత్తి వెతుకుతాం. మూలం దొరికితే చాలు, దానికి సరిపడే సంస్కృత ధాతువు పట్టుకుని ఓ సమాసం కట్టేస్తాం. మీరు రోజూ చదివే పత్రికా పదాల్లో చాలావాటి పుట్టుక ఇదే. ఈ విద్య ‘లిమరెన్స్’ దగ్గర మాత్రం పారదు. దానికి ధాతువే లేదు.

ఒక మనిషి మీద మనసు పడుతుంది. ఇక ఆ తలపు పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది, పొమ్మన్నా పోదు. ఎదుటివాళ్లు మామూలుగా అన్న మాటలో కూడా మనకోసం ఏదో దాచి ఉంచారనిపిస్తుంది. కోరేదల్లా ఒక్కటే: వాళ్లకూ మన మీద అలాగే ఉండాలి. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ బోధించిన డొరొతీ టెన్నోవ్ ఈ స్థితికి లిమరెన్స్ అని పేరు పెట్టింది. 1979లో వచ్చిన ఆమె పుస్తకం ‘లవ్ అండ్ లిమరెన్స్’తో అది నలుగురికీ తెలిసింది.

ఉన్న మాటలు చాలవా? చాలవు. ఇన్‌ఫాచ్యుయేషన్‌లో ఉన్నది బుద్ధిహీనుడని అర్థమిచ్చే లాటిన్ మాట. అది అన్నామంటే అవతలి మనిషిని అప్పుడే వెర్రివాణ్ణి చేసేశాం. క్రష్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా కుర్రకారు నోట ఈ అర్థంలోకి వచ్చింది. ఇవాళ హైదరాబాద్ కాలేజీల్లోనూ తిరుగుతోంది. కానీ అందులో ఓ నవ్వులాట ఉంది. మన మోహం, వ్యామోహం సంగతి సరేసరి. వేదాంతులు వాటిని ఎప్పుడో దోషుల జాబితాలో చేర్చేశారు. ఈ మాటల్లో ఏది వాడినా, సంగతి వినకముందే తీర్పు చెప్పినట్టే.

టెన్నోవ్ మొదట ‘అమొరెన్స్’ అనుకుంది. అందులో ప్రేమ అనే లాటిన్ మాట వినిపిస్తూనే ఉంటుంది. తర్వాత అది వదిలేసి లిమరెన్స్ దగ్గర ఆగింది. దీనికి వ్యుత్పత్తి లేదని, చూడ్డానికి బాగుందని, ఫ్రెంచిలోనూ చక్కగా ఇముడుతుందని తనే చెప్పింది. మా డెస్కులో ఎవరైనా ఇలాంటి కారణాలు చెప్తే ఊరుకుంటామా?

అయితే మాట కట్టడానికి ముందు ఆమె చేసిన పని చూడాలి. ప్రేమ గురించి ఐదొందల మందికి పైగా జనం చెప్పిన మాటలు విన్నది. వింటుంటే ఒక విడ్డూరం బయటపడింది. కొందరికి ఈ ఆరాటం ప్రాణం మీదికి వచ్చినంత నిజం; కొందరికి అసలు ఎన్నడూ ఎదురే కాలేదు. వాళ్లూ ప్రేమించారు, కాపురాలు చేశారు. రెండు జట్లూ ‘ప్రేమ’ అనే ఒకే మాట వాడుతూ, రెండు వేరు సంగతులు మాట్లాడుకుంటున్నాయి. కొత్త మాట అవసరమైంది అక్కడ.

ఈ స్థితిని బతికించేది ఆశా అనుమానమూ కలిసి ఉండడమేనని ఆమె గమనించింది. స్పష్టంగా కాదంటే ఆశ క్రమంగా చస్తుంది; అవునంటే ఆరాటం చల్లబడుతుంది. ఎటూ తేలకుంటేనే సాగుతుంది. మామూలుగా ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా ఉంటుందని ఆమె అంచనా. 1822లోనే ఫ్రెంచి రచయిత స్టెండాల్ దీని ఛాయలు పట్టుకున్నాడు. సాల్జ్‌బర్గ్ ఉప్పు గనుల్లో పడేసిన ఎండు కొమ్మ కొన్ని నెలలకు స్ఫటికాలతో మెరిసినట్టు, ప్రేమించిన మనిషికి మన మనసే మెరుపులు తొడుగుతుందన్నాడు.

ఇప్పుడీ మాట ఇన్‌స్టాగ్రామ్ ఎక్కింది. ‘నాకు లిమరెన్స్ ఉంది’ అని షుగర్ ఉన్నట్టు చెప్పుకుంటున్నారు. టెన్నోవ్ దాన్ని రోగమనలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ వచ్చేదేనంది. ధాతువు లేకుండా పుట్టిన మాటకూ జనం యాభై ఏళ్లు తిరక్కుండానే ఒక తీర్పు తగిలించారు. ఏ మాటా వాడుకలో పడ్డాక శుభ్రంగా మిగలదు.

అందుకే లిమరెన్స్‌కు తెలుగు కట్టమంటే నేను తొందరపడను. లిమరెన్స్ అనే రాసి, పక్కన ఓ వాక్యం వివరం ఇస్తాను. మన ఊళ్లలో ఈ ఆరాటం పడ్డవాళ్లనూ పడనివాళ్లనూ ఐదొందల మందిని కూర్చోబెట్టుకుని విన్నవాళ్లెవరైనా ఉంటే, తెలుగు మాట పెట్టే హక్కు వాళ్లది. నిఘంటువు ముందేసుకుని కూర్చున్న మాది కాదు.