షరతు మీద నడిచే నకలు

మూలపాఠాన్ని ఒక్కసారి రాసి పెట్టుకుని, అవసరాన్ని బట్టి అందులోని కొన్ని పంక్తులను తీసుకుని, కొన్నింటిని వదిలి, గుర్తుపెట్టిన మాటల చోట కొత్త మాటలను నింపి నకళ్లు తీసిపెట్టే చిన్న ప్రోగ్రాములు కంప్యూటర్లలో యాభై ఏళ్లుగా ఉన్నాయి. బొమ్మలూ బటన్లూ లేకుండా, ఆదేశాన్ని అక్షరాల్లో టైపు చేసి నడిపించే ఇటువంటి వాటిని కమాండ్‌లైన్ సాధనాలంటారు. ఇవి ప్రోగ్రాములు రాసేవారి సొత్తు అన్న అభిప్రాయం ఎలా స్థిరపడిందో గానీ, అది పొరపాటు. ఒకే కాగితాన్ని స్వల్ప మార్పులతో పదేపదే రాయవలసివచ్చే ప్రతిచోటా వీటికి పని ఉంది, మహారాష్ట్ర ఠాణే జిల్లాలోని భీవండి వంటి సాంచాల (మరమగ్గాల) ఊరిలో మరీ ఎక్కువగా ఉంది.

భీవండిలో చాలామంది సాంచాల యజమానులు వ్యాపారి ఇచ్చిన నూలును మజూరీకి నేసి, కోరాబట్టగా తిరిగి అప్పగిస్తారు. ఆ బట్ట రకాన్ని తేల్చేవి నాలుగు మాటలు: అంగుళానికి పడుగు పోగులెన్నో చెప్పే రీడు, పేక పోగులెన్నో చెప్పే పిక్కు, బట్ట వెడల్పైన పన్నా, నూలు సన్నదనాన్ని తెలిపే కౌంటు. ఆర్డరు మారితే ఈ నాలుగూ మారతాయి, ఆర్డరు చీటీలో మిగిలిన రాత దాదాపు అలాగే ఉంటుంది. పడుగు పత్తినూలైతే గంజి గురించి ఒక వాక్యం రావాలి, కాకపోతే రాకూడదు. పాత చీటీని తెరిచి అంకెలు దిద్ది కొత్త పేరుతో దాచుకునే అలవాటులో ప్రమాదం ఇక్కడే ఉంది: దిద్దిన అంకె కంటికి కనిపిస్తుంది, దిద్దడం మరిచిన అంకె కనిపించదు. మూలపాఠంలో అంకెల బదులు గుర్తులే ఉంటే, నింపని గుర్తు గుర్తుగానే బయటపడి తప్పును చాటుతుంది.

షరతును యంత్రానికి నేర్పిన చరిత్ర నేతదే కావడం ఈ ఊరి పాఠకులకు గర్వకారణం కావాలి. సాంచాకు అమర్చే డాబీలో, గొలుసుగా కట్టిన పట్టీలకు మేకులు బిగిస్తారు. మేకు ఉన్నచోట పడుగు పోగులను మోసే చట్రం లేస్తుంది, లేనిచోట అలాగే ఉంటుంది. జకార్డులో ఆ పనిని అట్ట చేస్తుంది: రంధ్రం ఎదురైన సూది లోపలికి దిగితే దాని కొక్కెం పోగులను ఎత్తుతుంది, రంధ్రం లేకపోతే సూది వెనక్కి జరిగి కొక్కెం తప్పుకుంటుంది. ఫ్రాన్సులోని లియోన్‌లో బసీల్ బూషోన్ 1725లో రంధ్రాల కాగితంతో మొదలుపెట్టిన ఈ ఆలోచన, 1804 నాటికి జోసెఫ్ మరీ జకార్డ్ చేతిలో మగ్గం మీద నిలిచే యంత్రమైంది. ఆ అట్టలనే చార్లెస్ బాబేజ్ తన విశ్లేషణ యంత్రానికి ఎంచుకున్నాడు, రంధ్రాల అట్టలతోనే హెర్మన్ హాలరిత్ యంత్రాలు 1890 నాటి అమెరికా జనగణనను లెక్కగట్టాయి.

కాగితం స్థానంలోకి ఫైలు వచ్చాక, షరతు మీద నకలు తీసే పనికి అనేక సాధనాలు పుట్టాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ 1970ల తొలి సగంలో రాసిన ‘సెడ్’ ఫైలును ఒక్కొక్క పంక్తిగా చదువుతూ, చెప్పిన నమూనాకు సరిపోయిన పంక్తి మీదనే ఆదేశాన్ని అమలుచేసి, ఫలితాన్ని నకలులోకి పంపుతుంది. సీ భాషకు ముందు నడిచే ప్రీప్రాసెసర్‌లో మాటల మార్పిడి మొదట వచ్చి, షరతును బట్టి భాగాలను ఉంచడం, తీసేయడం ఆ తరువాత చేరింది. 1977లో బెల్ ల్యాబ్స్ వారే అయిన కెర్నిగన్, రిచీలు రాసిన ‘ఎం4’ సెడ్ కంటే ఒక అడుగు ముందుకేసి, మార్చిన మాటలను కూడా మళ్లీ చదివి, అందులోనూ మార్చవలసినవి ఉంటే మారుస్తుంది. ఈ తేడా చిన్నదిగా తోచినా, ఏ సాధనాన్ని ఎంచుకోవాలో తేల్చేది అదే.

క్రమాన్ని పట్టించుకోనివారిని ఈ సాధనాలు క్షమించవు. ఒక చీటీలో పడుగు, పేక వివరాలు తారుమారయ్యాయనుకుందాం. ‘పడుగు’ను ‘పేక’గా మార్చమని మొదటి ఆదేశం, ‘పేక’ను ‘పడుగు’గా మార్చమని రెండవ ఆదేశం ఇస్తే, మొదటిది మార్చినవాటిని కూడా రెండవది మార్చేసి, నకలంతా పడుగే మిగులుతుంది. పాఠంలో మరెక్కడా లేని ఒక గుర్తును మధ్యలో వాడి, మూడు అంచెల్లో మార్చడం దీనికి ఒక దారి.

అయితే అసలు కష్టం తెలుగులో ఉంది, భీవండి దానికి మంచి ఉదాహరణ. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు తరతరాలుగా వచ్చి స్థిరపడిన ఇక్కడి పద్మానగర్ నుంచి బంధుత్వాలూ సరుకూ సిరిసిల్లకూ షోలాపూర్‌కూ సూరత్‌కూ తిరుగుతూ ఉంటాయి. ‘భీవండికి పంపవలెను’ అన్న వాక్యంలో ఊరిపేరును మాత్రమే మారిస్తే ‘సిరిసిల్లకి’ వస్తుంది. ఇకారాంతం మీద ‘కి’, అకారాంతం మీద ‘కు’ అన్న గ్రాంథిక మర్యాద యంత్రానికి తెలియదు. ‘షోలాపూర్’ పెడితే ఇంకా ఇబ్బంది: పొల్లు తరువాత వచ్చిన ప్రత్యయం ఒత్తుగా అతుక్కుని ‘షోలాపూర్కి’ అవుతుంది, విడిగా నిలవాలంటే మధ్యలో కంటికి కనబడని విభజన గుర్తును చేర్చాలి. ఇంగ్లీషు కోసం పుట్టిన సాధనాలు మాటను విడి వస్తువుగా చూస్తాయి, తెలుగు మాట మాత్రం ప్రత్యయంతో కలిసే బతుకుతుంది. అందుచేత తెలుగు మూలపాఠంలో గుర్తు పెట్టవలసింది వట్టి పేరుకు కాదు, ప్రత్యయంతో సహా మొత్తం రూపానికి. లేదా వాక్యాన్నే ‘పంపవలసిన ఊరు:’ అన్న పద్ధతిలో తిరగరాసి, పేరు చివర ఏదీ అతకని చోటును కల్పించాలి. మొదటిది భాషకు గౌరవం, రెండవది పనికి సులువు. ఉత్తరాల్లో మొదటిదాన్నీ చీటీల్లో రెండవదాన్నీ పాటించడం ఉచితం.

గుర్తులను కూడా జాగ్రత్తగా ఎంచుకోవాలి. కొన్ని సాధనాలు గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించక, మాట మధ్యలోనే మాట ముగిసిందని భావిస్తాయి కాబట్టి, పేరుకు రెండు వైపులా ‘@’ వంటి గుర్తును తగిలించే, ‘ఆటోకాన్ఫ్’ అనే సాధనం వాడే పద్ధతి క్షేమకరం. ‘ముంబై’లోని ఐత్వాన్ని, అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు కలిసిన రెండు సంకేతాలుగానూ రాయవచ్చు, కంటికి రెండూ ఒకటే, వెతికే యంత్రానికి మాత్రం వేర్వేరు. మార్పిడికి ముందు పాఠమంతటినీ ఒకే రూపానికి తెచ్చుకోకపోతే సగం ముంబైలు మారకుండా మిగిలిపోతాయి.

ఇవే కాగితాలకు మరాఠీ ప్రతి కూడా కావలసివస్తే, దాన్ని తీయడంలో యూనికోడ్ నిర్మాణం తోడ్పడుతుంది. భారతీయ లిపుల పాత ప్రమాణమైన ఇస్కీ వరుసనే అనుసరించడం వల్ల, తెలుగు ‘క’కూ దేవనాగరి ‘క’కూ మధ్య దూరం సరిగ్గా 768 స్థానాలు, మిగిలిన హల్లులదీ అంతే దూరం, మరాఠీవారికి ‘ళ’ కూడా ఉంది. కనుక తెలుగులో రాసిన పేర్ల జాబితాను దేవనాగరిలోకి దించడానికి స్థానం మార్చే ఒక్క ఆదేశం చాలావరకు సరిపోతుంది, హ్రస్వమైన ఎ, ఒ దగ్గర తప్ప. మరాఠీ రాతలో వాటికి వాడుక లేదు కాబట్టి, అక్కడ దీర్ఘాలనే వేయమని అదనపు నియమం రాయాలి. అప్పుడు ‘కొండ’ అన్న ఇంటిపేరులోని హ్రస్వమూ ‘వేముల’లోని దీర్ఘమూ రెండూ దీర్ఘాలుగానే కనిపిస్తాయి, మరాఠీ కాగితం నుంచి తెలుగుకు తిరిగి వచ్చేటప్పుడు ఏది ఏదో తేల్చే ఆధారం ఉండదు. పద్మానగర్‌లోని సంఘమైనా కార్ఖానా అయినా మూలప్రతిని తెలుగులోనే ఉంచుకుని, మరాఠీ ప్రతిని ప్రతిసారీ దానినుంచే కొత్తగా తీయించుకోవడం అవసరమయ్యేది ఇందువల్లనే.