కాలరు తిరగేసిన చొక్కా

ఇంగ్లిషులో ‘డౌడీ’ అని ఒక మాట ఉంది. కళ తప్పి, ఫ్యాషన్ దాటిపోయిన బట్టలను అలా అంటారు. వాటిని కట్టుకున్న మనిషినీ, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లనే, అంటారు. ‘రోమియో అండ్ జూలియట్’లో మెర్క్యూషియో కార్తేజ్ రాణి డిడోనే ఆ మాట అంటాడు. నాకు ఆ మాటంటే కోపం. బట్ట ఏ తప్పూ చేయకుండానే దాని మీద పడే తీర్పు అది.

బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టలకు రేషన్ పెట్టారు. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు. మగవాళ్ల సూటు ఒక్కదానికే 26 పోయేవి, ఉన్ని గౌనుకు 11. 1943లో ప్రభుత్వమే ‘మేక్ డూ అండ్ మెండ్’ అని చిన్న పుస్తకం వేసి, ఉన్నవాటినే బాగుచేసుకుని కట్టుకోమంది. మాసిక వేసిన కోటు అప్పుడు గౌరవం. 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ గజాల కొద్దీ గుడ్డ పోసిన స్కర్టులు చూపించాడు. బ్రిటన్‌లో రేషన్ ఇంకా నడుస్తూనే ఉంది, 1949 దాకా పోలేదు. అయినా నిన్నటి పొదుపు కోట్లు చూస్తుండగానే ‘డౌడీ’ అయిపోయాయి. గుడ్డ అదే, కుట్టూ అదే.

ఆ రోజుల్లో అక్కడి ఇళ్లలో చేసుకున్న పనొకటి మన దర్జీలకూ బాగా తెలుసు: కాలరు తిరగేయడం. నేనూ చేస్తాను, ఇష్టంగా చేస్తాను. చొక్కా ఒళ్లంతా బాగుంటుంది, మెడ రాసుకునే మడత దగ్గర మాత్రం దారాలు లేచి లోపలి బక్రం తెల్లగా కనిపిస్తుంది. ముందు కాలరుకూ పట్టీకీ నడిమధ్య సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు లేకపోతే ఒక కొస పొడుగొస్తుంది. తర్వాత ఆ రెంటినీ కలిపే కుట్టును బ్లేడుతో ఒక్కొక్కటే విప్పాలి. తొందరపడి లాగితే గుడ్డ చిరుగుతుంది. కాలరును తిరగేసి పట్టీలోకి దూర్చి, పాత సూది రంధ్రాల వెంటే మళ్లీ కుట్టాలి. అరిగిన మడత అడుగుకు పోతుంది, ఇన్నేళ్లూ ఎండ తగలని వైపు పైకొస్తుంది. ఒక్కోసారి అది చొక్కా కంటే ముదురు రంగులో ఉంటుంది. ఉండనివ్వండి, నాకదే అందం.

కాలరు కొసలకు గుండీలు పెట్టుకునే చొక్కాలకు మాత్రం ఇది అంతగా నప్పదు, కాజాలు అడ్డొస్తాయి. ఈ పని తెలిసిన దర్జీలు ఇంకా ఉన్నారు. మెడ దగ్గర మాత్రమే పోయిన చొక్కా ఇంట్లో ఉంటే, పారేసే ముందు ఒకసారి వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.