గోడకు ఇవతలి ఉత్తరాలు

ఫైజ్ అహ్మద్ ఫైజ్ జైలు నుండి భార్యకు వ్రాసిన ఉత్తరాలు ‘సలీబేఁ మేరే దరీచే మేఁ’ అన్న పేరుతో 1971లో ఉర్దూలో వెలువడినాయి. ఆ కాలంలోనే ఎలిస్ ఫైజ్ బయటి నుండి లోపలికి వ్రాసిన ఉత్తరాలు ‘డియర్ హార్ట్’ అన్న ఆంగ్ల గ్రంథంగా వెలుగు చూసేసరికి 1985 వచ్చింది. అప్పటికి ఫైజ్ లేరు. 1984 నవంబరులో కన్నుమూశారు. ఖైదీ మాటను సాహిత్యంగా ఎంచి, ఖైదీకి అందిన మాటను ఇంటి వ్యవహారంగా తీసివేయటం విమర్శకులకు చాలాకాలంగా ఉన్న అలవాటు.

1951 మార్చి 9న రావల్పిండి కుట్ర కేసులో ఫైజ్ అరెస్టయ్యారు. మొదటి మూడు నెలలు ఏకాంత నిర్బంధం; కలం, కాగితం నిషిద్ధం. తరువాత సింధులోని హైదరాబాదు జైలులో (మన హైదరాబాదు కాదు) రహస్య విచారణ సాగింది. ఉరిశిక్ష పడవచ్చునన్న భయం ఉండేది. చివరకు నాలుగేళ్ళ శిక్ష పడి, 1955 ఏప్రిల్‌లో విడుదలైనారు. 1941లో శ్రీనగరులో షేక్ అబ్దుల్లా చదివించిన నికాహ్‌తో ఆయన ఇల్లాలైన ఈ ఆంగ్ల మహిళ, ఈ కాలమంతా లాహోరులో ఇద్దరు ఆడపిల్లలను పెంచుతూ, ‘పాకిస్తాన్ టైమ్స్’లో పనిచేస్తూ ఉత్తరాలు వ్రాసేవారు.

ఆ ఉత్తరాలలో ధైర్యవచనాలు తక్కువ. పిల్లలు, ఇల్లు, ఖర్చులు, ఆఫీసు పని. ఇదంతా సెన్సారుకు భయపడి చేసినదే అనుకోనక్కరలేదు. బందీకి అన్నిటికంటె ముందు కరువయ్యేది మామూలు దినం. ‘మహావీరా’ అని సంబోధించే ఉత్తరం అతణ్ణి విగ్రహం చేస్తుంది. బడి జీతం కట్టవలసి ఉందని చెప్పే ఉత్తరం అతణ్ణి తండ్రిగా ఉంచుతుంది.

ఫైజ్ తన ఉత్తరాలను ఆంగ్లంలో వ్రాసి, ప్రచురణ కోసం తామే ఉర్దూ చేశారు. రెండవ భాషలోకి వచ్చేటప్పుడు మాట కొంచెం ఆగి బట్టలు సవరించుకొంటుందని తర్జుమా చేసేవారికి తెలుసు. ఉర్దూ పుస్తకం ఒక్కటే చదివితే ఫైజ్ ఒంటరిగా కూర్చుని తత్త్వచింతన చేస్తున్నట్లు తోస్తుంది. ఎలిస్ పుస్తకం పక్కన పెట్టుకొంటే ఆయన జవాబు చెబుతున్నారని తెలుస్తుంది. 1952 జులైలో, తమ్ముణ్ణి చూడవచ్చిన అన్న తుఫైల్ అక్కడే మరణించినప్పుడు ఆ దుఃఖానికి ఒక చిరునామా ఉన్నది.

మౌలానా ఆజాద్‌కు ఆ భాగ్యం లేదు. అహ్మద్‌నగర్ కోటలో, ఒకప్పుడు నిజాం రాజ్యంలో సద్రుస్సుదూర్‌గా ఉన్న హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ పేర వ్రాసి పంపని ఉత్తరాలే 1946 నాటి ‘గుబారె ఖాతిర్’. 1943లో భార్య జులేఖా బేగం కలకత్తాలో మరణించినప్పుడు ఆయన ఆ కోటలోనే ఉన్నారు. వచనంగా చూస్తే ఆజాద్‌దే పైచేయి, సందేహం లేదు. కాని ఆ పేజీలలో ఎవరూ బదులు పలకరు.

ఫైజ్ రాజకీయాలు నచ్చని పాఠకులు ఈ పత్రికకు లేకపోలేదు. సూరా అల్ ఇన్సాన్ బందీని నిరుపేద, అనాథల సరసన నిలిపినప్పుడు అతని అభిప్రాయాలను అడగలేదు. అక్కడి బందీ ముస్లిమేతరుడు కూడా కావచ్చునని పలువురు వ్యాఖ్యాతలు చెప్పారు.

1961లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఏర్పడిన తరువాత అపరిచితులు ఖైదీలకు వ్రాయటం విస్తరించింది. వారికి ఎలిస్‌కున్న చనువు ఉండదు. ఆమె ధోరణిని అనుకరిస్తే నటన అవుతుంది. తమ ఊరిలో పడిన వాన సంగతి వ్రాయవచ్చు.

ఫైజ్ ఉత్తరాల ఆంగ్ల మూలాలు 2011లో ‘టూ లవ్స్’ అన్న పేరుతో వచ్చినాయి. కనుక ఇప్పుడు ఇద్దరి మాటనూ ఒకే భాషలో చదవవచ్చు. వీటిని తెలుగులోకి తేదలచినవారు ఎలిస్ పుస్తకంతో మొదలు పెట్టటం మేలు.