ఈడిత్ కీలర్ మరణం - మన కన్నీళ్లు

కొద్ది నెలల క్రితం విజయవాడ గాంధీనగర్‌లో యువ రచయితల కోసం ఒకరోజు సాహిత్య పాఠశాల జరిగింది. మధ్యాహ్నం సమావేశానికి నేను అధ్యక్షుణ్ణి. "నన్ను కదిలించిన రచన" అన్నది అంశం. ఒకరు 'మాలపల్లి' గురించి మాట్లాడారు, మరొకరు 'మహాప్రస్థానం' గురించి. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక ఎం.ఏ. విద్యార్థిని మాత్రం 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికలోని ఒకే ఒక్క ఎపిసోడ్ మీద నాలుగు పేజీల వ్యాసం చదివింది. అది చూసి తాను రాత్రంతా ఏడ్చానని, ఎందుకు ఏడ్చానో తేల్చుకోవడానికే ఈ వ్యాసం రాశానని చెప్పింది. అందులో ఒక స్త్రీ ఆకలిగొన్నవాళ్లకు సూపు కాచి పోస్తుంది. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత ఆ అమ్మాయి నాయనమ్మ కూడా ఊళ్లో మిగిలినవాళ్లకు గంజి కాచి పోసిందట. ఎపిసోడ్ చివర ఆ స్త్రీ లారీ కింద పడినప్పుడు తన నాయనమ్మే పడినట్టు అనిపించిందని చదువుతూ ఆ అమ్మాయి గొంతు తడబడింది.

సభలో ఎవరో నవ్వారు. అంతరిక్ష నౌకల కోసం ఏడ్చే తీరిక మనకెక్కడిదని ఒక పెద్దాయన అన్నారు. నేను అధ్యక్షస్థానం నుంచి, "వ్యాసం బాగుందమ్మా, నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ ఇది సందర్భం కాదు" అని, తర్వాతి వక్తను పిలిచాను.

ఆ మాట అన్నందుకే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

నిజానికి ఆ అమ్మాయిని తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకు లేదు. 1980ల నడిమి ఏళ్లలో నేను సత్యనారాయణపురంలో బడి చదువు చదువుకునే రోజుల్లో మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒకటో రెండో. దూరదర్శన్‌లో 'జెయింట్ రోబో' వచ్చేది. అది 1967-68లో జపాన్‌లో తీసిన ధారావాహిక, మొత్తం 26 భాగాలు. దుర్మార్గుల ముఠా యుద్ధం కోసం చేయించిన యంత్రం ఒక పిల్లవాడి మాటకు కట్టుబడుతుంది. ఆఖరి భాగంలో ఆ యంత్రం తన జీవితంలో మొదటిసారి పిల్లవాడి ఆజ్ఞను ధిక్కరిస్తుంది. వెనక్కి రమ్మని వాడు ఏడుస్తూ పిలుస్తున్నా వినకుండా, శత్రువును పట్టుకుని ఆకాశంలోకి ఎగిరి, ఉల్కను ఢీకొని పేలిపోతుంది. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్న పిల్లలం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇళ్లకు పోయాం. ఒంట్లో అణుశక్తి నింపుకున్న ఆ శత్రువును కాలిస్తే భూమే బద్దలవుతుందన్న కథ, హిరోషిమా జరిగిన ఇరవై రెండేళ్లకు జపాన్ వాళ్లు తమ పిల్లలకు చెప్పుకున్న కథ అని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు. ఐనా ఆ రోజు మేం ఏడ్చింది బొమ్మ కోసం కాదు. పనిముట్టుగా పుట్టినది ఒక్క క్షణం తన ఇష్టప్రకారం నడిచి మనిషైంది. ఆ మనిషి కోసం ఏడ్చాం.

సమావేశమైన వారానికి ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఎపిసోడ్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని చూశాను. పేరు 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'. రచయిత హార్లన్ ఎలిసన్. అమెరికాలో మొదటి ప్రసారం 1967 ఏప్రిల్ 6న.

కథ ఇది. నౌకలోని డాక్టర్ మెకాయ్, పొరపాటున ఒక మందు మోతాదు మించి ఒంట్లోకి పోవడంతో మతి చెదిరి, ఒక గ్రహం మీదున్న కాలద్వారంలోంచి గతంలోకి దూకుతాడు. అక్కడ అతను చేసిన ఏదో పని వల్ల చరిత్ర మారిపోతుంది. నౌక లేదు, వాళ్లెరిగిన లోకం లేదు. దాన్ని సరిదిద్దడానికి కెప్టెన్ కిర్క్, స్పాక్ 1930 నాటి న్యూయార్క్‌కు వెళ్తారు. ఆర్థిక మాంద్యం రోజులు. ఈడిత్ కీలర్ అనే స్త్రీ పనిలేని వాళ్లకు తిండి పెట్టే కేంద్రం నడుపుతుంటుంది. మనుషులు ఏదో ఒకనాడు పరమాణువులోని శక్తిని కూడా లొంగదీసుకుంటారనీ, ఆకలినీ రోగాన్నీ జయిస్తారనీ, అందాకా బతికి ఉండటమే మన పని అనీ సూపు తాగుతున్న వాళ్లకు చెబుతుంది. కిర్క్ ఆమెను ప్రేమిస్తాడు. స్పాక్ రెండు వార్తలు కనిపెడతాడు. ఒకదాని ప్రకారం ఆమె 1930లోనే వీధి ప్రమాదంలో చనిపోయింది. రెండోదాని ప్రకారం 1936లో అధ్యక్షుడు రూజ్వెల్ట్‌ను కలిసింది. ఆమె బతికితే శాంతి ఉద్యమం కడుతుంది. దానివల్ల అమెరికా యుద్ధంలోకి దిగడం ఆలస్యమవుతుంది. ఈలోగా హిట్లర్‌కు అణుబాంబు చిక్కుతుంది. కాబట్టి ఆమె చావాలి. లారీ వస్తున్నప్పుడు ఆమెను కాపాడబోయిన డాక్టర్‌ను కిర్క్ గట్టిగా పట్టుకుని ఆపేస్తాడు.

శిల్పం సంగతి ముందు ఒప్పుకోవాలి. యాభై నిమిషాల ఈ కథలో దుర్మార్గుడనేవాడే లేడు. ఎవరి మీదా కోపం తెచ్చుకునే అవకాశం మనకివ్వరు. ఎప్పుడూ గెలిచే నాయకుడు ఈసారీ గెలుస్తాడు. లోకమంతా తిరిగి దక్కుతుంది. ఐనా అతని ముఖంలో గెలుపు ఛాయ కనిపించదు. వెనక్కి వచ్చాక ఇక్కణ్ణుంచి పోదాం పదండన్నంత ముక్తసరి మాట తప్ప అతను మరేమీ మాట్లాడడు. ఉపన్యాసం లేదు, ఓదార్పు లేదు. మన నాటకాల్లో, సినిమాల్లో ఇటువంటి చోట ఎంత సంభాషణ దొర్లించేవాళ్లమో ఆలోచిస్తే, ఆ మౌనం విలువ తెలుస్తుంది. 1968లో ఈ ఎపిసోడ్‌కు హ్యూగో బహుమతి వచ్చింది. ఎలిసన్ రాసిన ప్రతిని నిర్మాతల పక్షాన ఇతరులు చాలా తిరగరాశారు. అతను మొదట రాసిన ప్రతికి అమెరికా రచయితల సంఘం వేరే బహుమతి ఇచ్చింది. చిత్రీకరించిన రూపంలో మాత్రం అది పలువురి చేతులు పడిన రచన.

కాబట్టి ఆ అమ్మాయి కన్నీళ్లు బుద్ధిలేని కన్నీళ్లు కావు. ప్రేక్షకుడు పాత్రలో లీనమైపోతే విచక్షణ పోతుందని బ్రెహ్ట్ హెచ్చరించిన మాట నిజమే. కానీ ఆ హెచ్చరికను మనం ఏడ్చేవాళ్లను ఎగతాళి చేయడానికి వాడుకుంటున్నాం. విమర్శకుడు వేయాల్సిన ప్రశ్న, ఎందుకు ఏడ్చావని కాదు. నిన్ను ఏడిపిస్తూ ఈ రచన నీ చేత మరేం ఒప్పించింది? - అని. ఆ ప్రశ్న వేయాలంటే ముందు ఆ కన్నీళ్లను గౌరవించాలి. కల్పన అనగానే పలాయనవాదం అనేయడం మన సంప్రదాయం కూడా కాదు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు, 1970లో విరసం స్థాపకుల్లో ఒకరైన కుటుంబరావు, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ' పత్రికను నడిపాడు. రాక్షసుల కథలు పిల్లలకు చెప్పడానికీ, వైజ్ఞానిక వ్యాసాలు పెద్దలకు రాయడానికీ మధ్య ఆయనకు వైరుధ్యం కనబడలేదు.

ఇక ఈ ఎపిసోడ్ మన చేత ఏం ఒప్పిస్తోంది? శాంతి కోరడం మంచిదే గానీ అది ఫాసిజానికి దారి తీస్తుందని. అన్నం పెట్టే స్త్రీ బతికితే హిట్లర్ గెలుస్తాడని. ఇది ప్రసారమైంది ఏ రోజుల్లో? సరిగ్గా రెండు రోజుల ముందు, 1967 ఏప్రిల్ 4న, అదే న్యూయార్క్ నగరంలో రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా ఖండించాడు. అది సమయం కాదని, పౌరహక్కుల ఉద్యమానికి నష్టమని ఆయన మిత్రులే కొందరు బాధపడ్డారు. సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న, ఆయన్ను కాల్చి చంపారు. ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఈ ధారావాహికలో నటించిన నల్లజాతి నటి నిషెల్ నికోల్స్ మానేద్దామనుకున్నప్పుడు, మానొద్దని ఒప్పించింది కింగేనని, తాను ఆ ధారావాహిక అభిమానినని ఆయనే తనతో అన్నాడని ఆమె తర్వాత అనేకసార్లు చెప్పింది. అంటే రచనను ప్రేమించడమూ, దాని తర్కాన్ని తిరస్కరించడమూ ఒకే మనిషికి సాధ్యం. మన పాఠకులకు మాత్రం ఎందుకు సాధ్యం కాదు?

ఆ తర్కాన్ని చరిత్ర ముందు పెట్టి చూద్దాం. హిట్లర్ చేతికి అణుబాంబు వస్తుందన్న భయం కట్టుకథ కాదు. 1939లో ఐన్‌స్టైన్ రూజ్వెల్ట్‌కు రాసిన లేఖ మీద సంతకం పెట్టింది ఆ భయంతోనే. కానీ ఐన్‌స్టైన్ ఎవరు? యుద్ధాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోనని ప్రచారం చేసిన శాంతివాది. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక ఆయన ఆ వైఖరి మార్చుకున్నాడు. అంటే అసలు చరిత్రలోని శాంతివాదులు కళ్లు తెరిచి చూశారు, వాదించుకున్నారు, కొందరు మారారు. ఈ రచనలోని ఈడిత్‌కు మాత్రం ఆ హక్కు లేదు. నక్షత్రాల దాకా చూడగలిగిన ఆ స్త్రీ, 1933ను చూసి ఏమీ నేర్చుకోలేదని రచయితలు ముందే తీర్పిచ్చేశారు. కిర్క్ ఆమెను ప్రేమిస్తాడు గానీ ఆమెతో ఒక్కసారీ నిజం చెప్పి వాదించడు. ఆమెతో మాట్లాడటం కంటే ఆమెను చావనివ్వడమే తేలికన్నట్టు కథ నడుస్తుంది. చరిత్ర ఆగిపోతుందన్న భయంతో ఒక మనిషి ఆలోచించే శక్తినే రచయితలు లెక్కలోంచి తీసేశారు.

ఫాసిజాన్ని సకాలంలో ఎదుర్కోకపోవడానికి బాధ్యులు సూపు పోసే కేంద్రాలు నడిపిన వాళ్లేనా? స్పెయిన్‌లో ప్రజలెన్నుకున్న రిపబ్లిక్‌కు ఆయుధాలు అమ్మరాదని 1937లో చట్టం చేసింది అమెరికా కాంగ్రెస్. అదే సమయంలో ఒక అమెరికన్ చమురు కంపెనీ ఫ్రాంకోకు అప్పుమీద చమురు పోసింది. 1938లో మ్యూనిక్‌లో చెకొస్లొవేకియాను హిట్లర్‌కు అప్పగించింది బ్రిటన్, ఫ్రాన్స్ ప్రధానులు. నేరం ఇన్ని పెద్ద ఇళ్లలో ఉండగా, దాన్ని తెచ్చి గంజికేంద్రం గడపలో పెట్టారు. మన కన్నీళ్ల మాటున ఈ మార్పిడి జరిగిపోయింది. ఈడిత్ కోసం ఏడుస్తూనే ఆమె చావు అవసరమేనని మనం ఒప్పుకున్నాం.

ఇక్కడితో ఆపితే ఇది అమెరికన్ ధారావాహిక మీద మామూలు విమర్శ అవుతుంది. కానీ ఎపిసోడ్‌లో ఒకచోట నేను ఉలిక్కిపడ్డాను. శాంతిమార్గమే సరైనదనీ, ఈడిత్ భావాలు సరైనవేననీ, కాకపోతే అవి రావలసిన సమయంలో రాలేదనీ వాళ్లిద్దరూ అనుకుంటారు. సరైన మాటే, సమయం కాదు. గాంధీనగర్ హాల్లో నేను ఆ అమ్మాయితో అన్నది అక్షరాలా ఇదే.

ఈ మాట మనకు కొత్త కాదు. ఈడిత్ సమస్య కృష్ణా డెల్టాకు కూడా కొత్త కాదు. 1939లో ఇది సామ్రాజ్యవాదుల యుద్ధం, వ్యతిరేకించాలి అని మన ప్రాంత కమ్యూనిస్టులు ఊరూరా చెప్పారు. 1941 జూన్‌లో సోవియట్ యూనియన్ మీద హిట్లర్ దాడి చేశాక, ఆ ఏడాది చివరికి ఇది ప్రజాయుద్ధం, బలపరచాలి అన్నారు. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది ఆ వాతావరణంలోనే. ఫాసిజాన్ని ఓడించడం ప్రధానమన్న అంచనా సరైనదేనని నేనిప్పటికీ నమ్ముతాను. కానీ ఆ అంచనాకు ఎదురు ప్రశ్న వేసినవాళ్లతో మనం వాదించామా, లేక చరిత్ర పేరు చెప్పి వాళ్ల నోరు మూయించామా? ఈ ప్రశ్న వేసుకోవడానికి మనకు ఇష్టం ఉండదు.

తర్వాత కూడా అంతే. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న ఇదే డెల్టాలోని చుండూరు. దళితులు కులం ప్రశ్నను సాహిత్యంలోకి తెచ్చినప్పుడు మనలో చాలామందిమి ఏమన్నాం? నిజమే, కానీ వర్గపోరాటం ముందు అన్నాం. స్త్రీలు ఇంటి సంగతి, శరీరం సంగతి రాసినప్పుడు? నిజమే, కానీ ఉద్యమంలో చీలిక వస్తుంది, ఇది సమయం కాదు అన్నాం. వాళ్లు మన అనుమతి కోసం ఆగలేదు కాబట్టి 1993లో 'నీలి మేఘాలు', 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనాలు వచ్చాయి. వాళ్లు ఆగి ఉంటే తెలుగు కవిత్వం ఎంత పేదదై ఉండేది! లారీ ముందు నిలబడిన మనిషిని కాపాడబోయిన చేతిని పట్టుకుని ఆపడం కిర్క్ ఒక్కడే చేసిన పని కాదు.

అందుకే ఈ ఎపిసోడ్ నన్ను కదిలించింది. ఆ విద్యార్థిని తన నాయనమ్మ కోసం ఏడ్చింది. నాకు కన్నీళ్లు రాలేదు, సిగ్గేసింది. ఆ రెంటినీ పుట్టించగలిగిన రచనను అమెరికా సరుకు అని పక్కన పడేయలేం. అలాగని దాని తర్కాన్ని నెత్తిన పెట్టుకోనూ లేం. అన్నం పెట్టడమూ ఫాసిజాన్ని ఎదిరించడమూ ఒకదానికొకటి అడ్డం అని ఏ కథ చెప్పినా, అది ఎంత కన్నీరు పెట్టించినా, మనం అడ్డుపడాలి. ఉప్పెన తర్వాత గంజి కాచిన చేతులు చరిత్రకు అడ్డం కాలేదు. ఆ చేతులే చరిత్రను మళ్లీ మొదలుపెట్టాయి.

ఆ అమ్మాయికి మళ్లీ ఫోన్ చేశాను. నా వాదనంతా విని, "అవునండీ, కానీ కిర్క్ ఆమెకు నిజం చెప్పి ఉంటే ఆమె తనంతట తనే లారీ ముందుకు నడిచి ఉండేదేమో. అప్పుడు మీరేమంటారు?" అని అడిగింది. నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆ ప్రశ్నను కూడా వ్యాసంలో చేర్చి, పత్రికకు పంపమన్నాను. ఈసారి సందర్భం కాదని అనను.