గీత నిజమే, చూపు మోసము

అంకెల పట్టికను చూచి విసుగుపడువారు సైతము పటమును చూడగానే తలయూపుదురు. పటమునకు గల బలము అదే; అపాయమును అదే. భూమి శీతోష్ణస్థితిని తెలుపు పటములలో ఒక్క అంకెనైనను మార్చకయే చూపరిని తప్పుదారి పట్టింపవచ్చును. ఇందుకు రెండు పటములను పరీక్షించి చూతము.

మొదటిది 2015 డిసెంబరులో అమెరికాలోని నేషనల్ రివ్యూ పత్రిక ప్రచారములో పెట్టినది. 1880 మొదలుకొని భూగోళపు సగటు ఉష్ణోగ్రతలు అందులో ఉన్నవి. అంకెలలో దోషము లేదు. కాని నిలువు అక్షమును ఫారన్‌హీట్ కొలతలో మైనస్ 10 నుండి 110 డిగ్రీల వరకు సాగదీసిరి. పటము 12 అంగుళముల ఎత్తున్నదనుకొందము. అప్పుడు ఒక్కొక్క డిగ్రీకి అంగుళములో పదవ వంతు మాత్రమే దక్కును. ఆ కాలములో భూమి వేడెక్కినది రెండు ఫారన్‌హీట్ డిగ్రీల లోపు. కాబట్టి ఆ పెరుగుదల అంగుళములో అయిదవ వంతుకు మించదు. గీత చదునుగా కనబడును. చూపరి "ఏమియు మారలేదు" అనుకొనును.

"అక్షము సున్నను కలుపుకొని ఉండుట న్యాయమే కదా?" అని విద్యార్థి అడుగవచ్చును. బరువునకు, ధాన్యపు రాశికి సున్న అనగా ఏమియు లేకపోవుట. ఫారన్‌హీట్ సున్నకు అట్టి అర్థము లేదు. జ్వరపు చార్టును ఏ వైద్యుడును ఆ కొలతపై గీయడు. 98.4 నుండి 104కు ఎక్కిన జ్వరము కూడ అక్కడ అర అంగుళపు మిట్టగానే తోచును. ఏ మార్పు ముఖ్యమో దానిని చూపగల కొలతయే తగిన కొలత. సుమారు 20,000 ఏండ్ల క్రితము మంచుయుగము తీవ్రముగా ఉన్నప్పుడు భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగారంభము కంటె 5 నుండి 7 సెంటీగ్రేడు డిగ్రీలు మాత్రమే తక్కువ. అట్టిచోట ఒక్క డిగ్రీ అల్పము కాదు.

రెండవది ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు ఎడ్ హాకిన్స్ 2018లో వెలువరించిన రంగుపట్టీల పటము. ఏడాదికొక నిలువు పట్టీ. చల్లని ఏటికి నీలము, వేడి ఏటికి ఎరుపు. అక్షము లేదు, అంకెలు లేవు. గ్రాఫు చదువనేరని వారికి సైతము ఒక్క చూపున సంగతి తెలియవలెనని దాని ఉద్దేశము. ఆ ఉద్దేశము నెరవేరినది; భూమి వేడెక్కుచున్నదని అది చెప్పు మాటయు నిజమే. అయినను లోపము కలదు. నీలము ఎరుపుల సరిహద్దు 1971-2000 నాటి సగటు మాత్రమే. నీలము క్షేమమనిగాని, ఎరుపు అపాయమనిగాని దాని అర్థము కాదు. పైగా వేర్వేరు దేశముల పట్టీలలో రంగుల గాఢతను ఆయా చోట్ల ఏటేటా కలుగు హెచ్చుతగ్గులను బట్టి నిర్ణయించిరి. రెండు దేశముల పట్టీలలో ఒకే ముదురెరుపు ఉన్నంత మాత్రమున రెండును ఒకే మేరకు వేడెక్కినవని చెప్పరాదు. పక్కపక్కన పెట్టి పోల్చువారు పొరబడుదురు.

ఈ రెండు దోషములు సమానములా? కావు. మొదటి పటము ఉన్న మార్పును మరుగుపరచినది. రెండవది మార్పును చూపి, ఎంత మార్పో చెప్పక విడిచినది. మొదటిది తప్పు నమ్మకమును కలిగించును. రెండవది సగము జ్ఞానమునిచ్చును. సగము జ్ఞానమును పూరింపవచ్చును. కాని మనకు నచ్చిన మాట చెప్పినదని పటమును పరీక్షింపక విడుచుట శాస్త్రదృష్టి కాదు.

ఆరంభ సంవత్సరమును ఎన్నుకొనుటలో కూడ మోసము దాగవచ్చును. 1998లో ఎల్ నీనో వలన వేడిమి హెచ్చినది. 1998 బిందువు నుండి 2008 బిందువునకు గీత గీసినచో భూమి చల్లబడినట్లే తోచును. 1970 నుండి నేటివరకు గీసినచో ఆ భ్రమ తొలగును.

ఉపాధ్యాయులు ఒకే ఉష్ణోగ్రతల పట్టికను తరగతిలో ఇచ్చి, సగము మందిచేత సాగదీసిన అక్షముతోను, తక్కిన వారిచేత తగిన అక్షముతోను గ్రాఫులు గీయింపవలెను. రెండింటిని గోడకు అంటించి మూడు ప్రశ్నలు వేయవలెను: కొలత ఎక్కడినుండి ఎక్కడికి? కాలము ఎప్పటినుండి? దేనితో పోల్చి చెప్పుచున్నారు? ఈ ప్రశ్నలకు బదులు చెప్పగల విద్యార్థిని ఏ పటమును సులభముగా మోసగింపజాలదు.